కుడి చెవికీ ఎడమ చెవికీ మధ్య

విష్ణుది కరీంనగర్. నోయిడాలో ఉద్యోగం దొరికాక ఢిల్లీలోని జియా సరాయ్‌లో, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల మధ్య, మేడమీద ఒక గది తీసుకుని ఉంటున్నాడు. అతను పనిచేసే కంపెనీ చిన్నది. ఆసుపత్రులకూ వైద్య పరీక్షా కేంద్రాలకూ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంది. చేరిన రెండో ఏడు యజమాని సుధీర్ అతనికి ఒక పనిని మొట్టమొదటిసారి మొత్తంగా అప్పగించాడు. కరోల్ బాగ్‌లో పిల్లల వినికిడిని పరీక్షించే ఒక స్వచ్ఛంద కేంద్రం ఉంది. అక్కడ చేసే పరీక్షల వివరాలన్నీ భద్రపరిచే ప్రోగ్రాము రాయాలి. విష్ణు ఇష్టంగా రాశాడు. కేంద్రం వాళ్లు వాడటం మొదలుపెట్టారు. లెక్కలు తప్పలేదు, వివరాలు పోలేదు. ఫిర్యాదు మాత్రం వచ్చింది. ‘సేవ్’ నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటోందనీ, పిల్లలు ఆగడం లేదనీ.

సర్వర్ చాలడం లేదేమో, పెద్దది తీసుకుందాం అన్నాడు సుధీర్. తీసుకున్నారు. చక్రం ముందు ఎంతసేపు తిరిగేదో ఇప్పుడూ అంతసేపే తిరిగింది. రెండో ఫిర్యాదు మొదటిదానికంటే మర్యాదగా వచ్చింది. ఆ మర్యాదే విష్ణుకి ఎక్కువ బాధ కలిగించింది. తన ప్రోగ్రాము అతను ఎన్నిసార్లు చదివినా అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ సమయంలోనే సుధీర్ ఈ సంగతి కొంచెం చూడమని అరుంధతికి చెప్పాడు. ఆమె కంపెనీలో చేరి కొద్ది నెలలే అయింది. యాభై దాటిన మనిషి. ఊరు కాకినాడ. భర్త రాజగోపాల్ కేంద్ర ప్రభుత్వంలో అధికారి. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటారు. ఆయనకు బదిలీ అయిన ప్రతిచోటా ఆమె కొత్తగా ఉద్యోగం వెతుక్కుంది. భోపాల్‌లో ఒక బ్యాంకు పని, షిల్లాంగ్‌లో ఒక కాలేజీ పని, చెన్నైలో మరొకటి. ఎక్కడా నాలుగేళ్లు నిలవలేదు కాబట్టి ఎక్కడా పెద్ద పదవి రాలేదు. మీటింగుల్లో తక్కువ మాట్లాడేది. ఆఫీసులో చాలామందికి ఆమె గురించి ఇంతకు మించి తెలియదు, విష్ణుకి కూడా.

ఆమె తన ప్రోగ్రాము అడుగుతుందనుకుని విష్ణు అంతా సర్ది ఉంచుకున్నాడు. ఆమె అది అడగలేదు.

“ఆ పరీక్ష ఎలా చేస్తారో నువ్వెప్పుడైనా చూశావా?” అంది.

చూడలేదన్నాడు. కేంద్రం వాళ్లు పంపిన వివరాలు చదివి రాశానన్నాడు.

“అయితే పద, ఓసారి చూసొద్దాం. ఇక్కడ కూర్చుంటే మనకి చక్రం ఒక్కటే కనపడుతుంది.”

మర్నాడు పొద్దున ఇద్దరూ నోయిడాలో మెట్రో ఎక్కి కరోల్ బాగ్‌లో దిగారు. బట్టల దుకాణాలు అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నాయి. కేంద్రం ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. పరీక్షలు చేసే ఆడియాలజిస్టు ఇషిత తెలుగమ్మాయే కాని పుట్టిపెరిగింది ఢిల్లీలో. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. అరుంధతిని చూడగానే ఆంటీ అని పిలిచి, అద్దం వెనక గదిలో రెండు కుర్చీలు వేయించింది.

అద్దానికి అవతల, శబ్దం చొరబడని చిన్న గదిలో, చైతు అనే అయిదేళ్ల పిల్లవాడు కూర్చున్నాడు. పక్కన వాడి తల్లి సుభద్ర. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తోంది. పరీక్షకు ముందు అరుంధతి ఆమెను పలకరిస్తే, ఇక్కడికి రావడం ఇది మూడోసారి అని చెప్పింది. బడిలో టీచరు పిలిస్తే వీడు పలకడం లేదట. పరధ్యానం అంటున్నారట. ఇక్కడేమో ప్రతిసారీ పరీక్ష సగంలో ఆగిపోతోంది. “కుదురుగా కూర్చోడండీ మావాడు. ఏం చెయ్యను,” అంది.

పరీక్ష పిల్లలకు ఆటలా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. పిల్లవాడు ఒక చెక్క దిమ్మను చెంపకు ఆనించుకుని ఎదురుచూస్తాడు. శబ్దం వినిపించగానే దిమ్మను డబ్బాలో వెయ్యాలి. శబ్దం సన్నగా, లావుగా, మెల్లగా, ఇంకా మెల్లగా మారుతూ వస్తుంది. ప్రతి శబ్దానికీ పిల్లవాడు దిమ్మ వేశాడా లేదా అన్నది ఇషిత నమోదు చేస్తుంది. ముందు కుడి చెవి, తరవాత ఎడమ చెవి.

కుడి చెవి పరీక్షలో చైతు ఎంత శ్రద్ధగా కూర్చున్నాడో చూసి విష్ణుకి నవ్వు వచ్చింది. దిమ్మను చెంపకు ఆనించి, ఊపిరి బిగబట్టి, కళ్లు సగం మూసి ఉన్నాడు. శబ్దం తగలగానే ముఖం విప్పారేది, దిమ్మ డబ్బాలో పడేది. వాడికి కుదురు లేదని ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు.

కుడి చెవి అయిపోయింది. ఇషిత ‘సేవ్’ నొక్కింది. చక్రం తిరగడం మొదలైంది.

చైతు దిమ్మను చెంపకు ఆనించుకునే ఉన్నాడు. ఇషిత మైకులో, “బస్ ఏక్ మినిట్ బేటా,” అని ఆగమంది. వాడు ఎదురుచూశాడు. చెయ్యి కొంచెం కిందికి దిగింది. గోడ మీది చేపబొమ్మ వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. ఏమీ వినపడటం లేదు కాబట్టి, తనదే తప్పేమో అన్నట్టు ఒక దిమ్మను డబ్బాలో వేశాడు. ఎవరూ మెచ్చుకోలేదు. డబ్బా బోర్లించి దిమ్మలన్నీ నేల మీద పోశాడు. చక్రం ఆగి, ఎడమ చెవిలో శబ్దాలు మొదలయ్యేసరికి వాడికి ఆట పోయింది. శబ్దం వచ్చినా రాకున్నా దిమ్మలు వేస్తూ కూర్చున్నాడు. కాసేపు ప్రయత్నించి ఇషిత ఆపేసింది. ‘ఎడమ చెవి: పిల్లవాడు సహకరించలేదు’ అని రాసి, వచ్చే వారం రమ్మని సుభద్రకు చెప్పింది.

విష్ణు తల దించుకున్నాడు. అంతవరకూ అతనికి ఆ ఆలస్యం అంటే తెర మీద చక్రం, అంతే.

రెండు చెవులూ అయ్యాక ఒక్కసారే సేవ్ చేయకూడదా అని అరుంధతి అడిగింది. ఒకసారి మధ్యలో కరెంటు పోయి సగం పరీక్ష గాలిలో కలిసిపోయిందట. అప్పటినుంచి ఒక చెవి అవగానే భద్రపరచి తీరాలని కేంద్రంలో నియమం పెట్టుకున్నారు. అరుంధతి తల ఊపింది. ఆ నియమాన్ని మార్చమని అడగలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చుని విష్ణు ల్యాప్‌టాప్ తెరిపించింది. ప్రోగ్రాములో పరీక్ష ఒక ఆబ్జెక్టు, అంటే ఒక విడి వివరాల మూట; చెవి ఒక ఆబ్జెక్టు, పిల్లవాడికి వినిపించిన ఒక్కొక్క శబ్దం ఒక్కొక్క ఆబ్జెక్టు. వీటిని డేటాబేస్ పట్టికల్లోకి చేర్చే పని ప్రోగ్రామర్ చేయనక్కర్లేదు. మధ్యలో ఒక ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది. దాచమంటే చాలు, డేటాబేస్‌తో మాట్లాడి అదే దాచి వస్తుంది. ఆ మాటలు మామూలుగా ఎవరికీ కనిపించవు. కనిపించేలా లాగ్, అంటే అన్నిటినీ వరసగా రాసి చూపే చిట్టా, పెట్టమంది అరుంధతి. తరవాత ఉత్తుత్తి పరీక్ష ఒకటి నింపి సేవ్ నొక్కమంది.

తెర నిండా వరసలు పరుగెత్తాయి. ఆగకుండా పరుగెత్తాయి. విష్ణు కళ్లు చెదిరి పక్కకు చూశాడు. అరుంధతి మాత్రం కళ్లజోడు సర్దుకుని మొదటి వరసకు వెళ్లి, ఒక్కొక్కటిగా చదవసాగింది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. అరగంట పైనే చదివింది. మధ్యలో ఎవరో టీ ఇస్తే అందుకుని పక్కన పెట్టింది, తాగలేదు. ఇన్ని నెలలుగా అదే ప్రోగ్రాముని తల కిందులుగా చదివిన తాను, అది బయటికి వెళ్లి ఏం మాట్లాడుతోందో ఒక్కసారి కూడా వినలేదని విష్ణుకి అప్పుడు తట్టింది.

“ఇది పనిచెయ్యడం లేదు విష్ణూ, తిరుగుతోంది,” అంది చివరికి. “ఒక్కొక్క శబ్దం దగ్గరా చూడు. ముందు వెళ్లి, ఇది నీ దగ్గర ఇదివరకే ఉందా అని అడుగుతోంది. లేదనిపించుకుని తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి రాస్తోంది. ఇది ఏ చెవిదో రాయడం మర్చిపోయి, మళ్లీ వెళ్లి దిద్దుతోంది. ఒక్క శబ్దానికి మూడుసార్లు. మన డేటాబేస్ ముంబయిలో ఉంది కదా?”

“అవును మేడమ్.”

“వందకు పైగా శబ్దాలు. అన్నిసార్లు ముంబయి వెళ్లిరావాలి. అక్కడ ఎంత పెద్ద సర్వర్ పెడితే మాత్రం ఏం లాభం? దాని పని క్షణంలో అయిపోతోంది. కాలమంతా దారిలో పోతోంది.”

ఉందా లేదా అని అడగడం ఎందుకు జరుగుతోందో విష్ణుకి వెంటనే అర్థమైంది. కొత్తవాటికీ పాతవాటికీ పనికొస్తుందని అతను అంతటా ఒకే ఆజ్ఞ వాడాడు. కొత్తదని ముందే తెలిసినప్పుడు అడగాల్సిన అవసరం లేదు. దిద్దడం ఎందుకో కూడా ఆమె చూపించాక తెలిసింది. తన శబ్దాలేవో చెవికి తెలుసు కాని, తాను ఏ చెవికి చెందుతుందో శబ్దానికి తెలియదు. సంబంధం ఒకవైపే రాశాడు. అందుకే ఫ్రేమ్‌వర్క్ ముందు శబ్దాన్ని దాచి, ఆ తరవాత మళ్లీ వెళ్లి చెవి పేరు అతికిస్తోంది.

తిరుగు ప్రయాణంలో ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. ఇషిత మైకులో పిల్లలతో ఎంత ఓపిగ్గా మాట్లాడుతుందో అదే చెబుతూ వచ్చింది.

మర్నాడు విష్ణు హుషారుగా కూర్చుని ఆ రెండు తప్పులూ దిద్దాడు. పరీక్షను దాచితే దానితో సంబంధం ఉన్నవన్నీ దానివెంటే వెళ్లేలా ఫ్రేమ్‌వర్క్‌కు చెప్పవచ్చు. అప్పుడు ఒక్కొక్కదాన్ని విడిగా దాచక్కర్లేదు. ప్రతి సంబంధం మీదా ఆ ఆజ్ఞ పెట్టేశాడు. సాయంత్రానికి అరుంధతిని పిలిచి చూపించాడు. పరీక్షను దాచమని ఒక్క మాట చెబితే చెవులు, శబ్దాలు అన్నీ వెళ్లిపోతున్నాయి.

ఆమె సంతోషించింది. నిజంగానే సంతోషించింది, అది ముఖంలో తెలిసింది. కాసేపు చూసి, ఇప్పుడు ఈ పరీక్షను తీసెయ్ అంది. అది నమూనా డేటాబేస్ కాబట్టి విష్ణు భయపడకుండా తీసేశాడు. తరవాత పరికరాల పట్టిక తెరవమంది. తెరిచాడు. పరీక్షలో శబ్దాలు వినిపించే యంత్రం వివరాలు అందులో లేవు. దాచేటప్పుడు వెంట వెళ్లమన్న ఆజ్ఞే తీసేసేటప్పుడూ పనిచేసి, పరీక్షతోపాటు అవీ పోయాయి.

విష్ణు ఆ పట్టికను మళ్లీ పైనుంచి కిందిదాకా చూశాడు. “నేను ఇది చూడనే లేదు మేడమ్. గిట్లయితదని అనుకోలే.”

“ఇక్కడే చూశాం కదా, మంచిదైంది,” అంటూ ఆమె బోర్డు దగ్గరికి నడిచింది. మధ్యలో ‘పరీక్ష’ అని రాసింది. “ఇది పోతే దీంతోపాటు ఏవేవి పోవాలి?”

ఆలోచించి చెప్పాడు. చెవుల ఫలితాలు పోవాలి. శబ్దాలు పోవాలి.

“పిల్లవాడు?”

పోకూడదు. వాడికి వేరే పరీక్షలుంటాయి. యంత్రం పోకూడదు, అందరికీ వాడతారు. ఇషిత పోకూడదు అంటూ నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. పరీక్షకు సొంతమైనవాటి చుట్టూ ఒక గీత గీసింది. గీత లోపలివి పరీక్షతో పుట్టి పరీక్షతో పోతాయి. వాటిని కలిపే దాచాలి, కలిపే తీసెయ్యాలి. గీత బయటివి పరీక్ష వాడుకునేవి మాత్రమే. వాటి నంబరు గుర్తుంచుకుంటే చాలు, దాచేటప్పుడు వాటి జోలికి పోనక్కర్లేదు. ఇదంతా ఆమె పాఠంలా చెప్పలేదు. ప్రతిదీ అడిగింది, అతను చెప్పాడు. తన ప్రోగ్రామే అయినా అందులో ఏది దేనికి చెందుతుందో విష్ణు అలా కూర్చుని ఆలోచించడం అదే మొదలు.

ఇక మిగిలింది దారి ఖర్చు. ఒక్కొక్క శబ్దాన్నీ ఒక్కొక్క ప్రయాణంలో కాకుండా గుంపుగా పంపమని ఫ్రేమ్‌వర్క్‌కు చెప్పే సదుపాయం ఉంది. విష్ణు దాన్ని పెట్టాడు. లాగ్ తెరిచాడు. ఏ మార్పూ లేదు. మళ్లీ చూశాడు. ఒక్కొక్కటే వెళుతోంది. అరుంధతిని పిలిచాడు. ఆమె చాలాసేపు చూసింది.

“నాకు తెలియడం లేదు,” అంది.

విష్ణు ఆశ్చర్యపోయాడు. ఆ మాటను అంత మామూలుగా, ఏ నొప్పీ లేకుండా అనే పెద్దవాళ్లను అతను ఎక్కువగా చూడలేదు. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఫ్రేమ్‌వర్క్ పుస్తకం ముందేసుకున్నారు. ఆమె ఒక చివరనుంచి, అతను ఇంకో చివరనుంచి. భోజనం కూడా అక్కడే తిన్నారు. ఆమె డబ్బాలోని గోంగూర పచ్చడి అతని చపాతీల్లోకి వచ్చింది.

దొరికింది విష్ణుకే. తమ డేటాబేస్‌లో ప్రతి శబ్దానికీ వరస నంబరును డేటాబేసే ఇస్తోంది. ఆ నంబరు తెలియాలంటే ఫ్రేమ్‌వర్క్ ఒక్కొక్కదాన్నీ వెంటనే రాసి చూడాల్సిందే. గుంపు కట్టే వీలు ఎక్కడిది? నంబర్లను ముందుగానే ఒక కట్టగా తెచ్చుకునే పద్ధతి పెడితే ఆ చిక్కు ఉండదు.

అతను చదివి వినిపిస్తుంటే అరుంధతి ముఖం వెలిగింది. “భలే పట్టుకున్నావయ్యా. నేనింకో రెండ్రోజులు వెతికినా అటు చూసేదాన్ని కాదు,” అంది. సుధీర్‌కు ఆ సాయంత్రం పంపిన వివరణలో కూడా ఆ సంగతి కనుక్కున్నది విష్ణు అని మొదటి వాక్యంలోనే రాసింది. విష్ణుకి అది తరవాత సుధీర్ చెబితేగాని తెలియలేదు.

కొత్త పద్ధతి పెట్టాక లాగ్ తెరిస్తే తెర నిండలేదు. పరీక్ష ఒక వరస, చెవి ఒక వరస, శబ్దాలన్నీ కలిసి నాలుగైదు ప్రయాణాలు. విష్ణు రెండుమూడుసార్లు కావాలనే నొక్కి చూసుకున్నాడు. చక్రం కనిపించేలోపే మాయమవుతోంది. అప్పటికప్పుడే కేంద్రంలో పెట్టేద్దామన్నాడు. అరుంధతి ఆగమంది. అక్కడ పాత పరీక్షలు వేలల్లో ఉన్నాయి. కొత్తగా తెచ్చుకునే నంబర్లు పాత నంబర్లను ఢీకొంటే? పాతవాటిలో ఆఖరి నంబరు ఎంతో చూసి, దాని తరవాతనుంచి మొదలయ్యేలా సరిచేయించింది. కేంద్రానికి సెలవైన ఆదివారం ఇద్దరూ వెళ్లి, పాత పరీక్షలు కొన్ని తెరిచి అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే లేచారు.

చైతు వచ్చే రోజుకు విష్ణు తనంతట తానే వెళదామన్నాడు. ఈసారి ఇషిత అద్దం వెనక గదిలో వాళ్లకోసం కుర్చీలు ముందే వేసి ఉంచింది. చైతు దిమ్మ తీసుకుని చెంపకు ఆనించాడు. కుడి చెవి అయింది. ఇషిత ‘సేవ్’ నొక్కింది. ఆమె తెర వైపు చూసేలోపు అది అయిపోయింది. మరోసారి నొక్కాలేమోనని వేలు ఎత్తి, అక్కర్లేదని గమనించి, ఎడమ చెవిలో శబ్దం పెట్టింది. చైతు కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. వాడికి సంబంధించినంతవరకూ మధ్యలో ఏమీ జరగలేదు. ఆట సాగుతోంది.

లావు శబ్దాలకు దిమ్మలు పడ్డాయి. శబ్దం సన్నబడేకొద్దీ దిమ్మ చెంప మీదే ఆగిపోయింది. వాడు వింటున్నాడు, శ్రద్ధగా వింటున్నాడు, వాడికి వినిపించడం లేదు. ఇషిత శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. అప్పుడు వాడి ముఖం విప్పారింది, దిమ్మ డబ్బాలో పడింది.

పరీక్ష పూర్తయ్యాక ఇషిత సుభద్రను లోపలికి పిలిచి, తెర మీద ఫలితాల గీతలు చూపించి చెప్పింది. కొన్ని మాటలు ఆమెకు హిందీలో అందకపోతే అరుంధతి తెలుగులో చెప్పింది. కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి సన్నటి శబ్దాలు దాదాపు చేరడం లేదు. బడిలో వాడు కూర్చునేది ఎటువైపు అని ఇషిత అడిగింది. కుడి గోడ వారగా, అంది సుభద్ర. టీచరు గొంతు ఎప్పుడూ ఎడమ వైపునుంచే వస్తుంది.

సుభద్ర కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేను వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానండీ,” అంది. తరవాత కళ్లు తుడుచుకుని, చెవికి యంత్రం పెడితే వినపడుతుందా అని అడిగింది. వినపడుతుంది, ఈ వయసులో తెలియడం మంచిదే అంది ఇషిత. చైతు అదేమీ పట్టించుకోకుండా దిమ్మలన్నీ రంగులవారీగా పేరుస్తున్నాడు. యంత్రం కోసం చెవి కొలతలు ఇవ్వడానికి అదే వారంలో రావలసిన రోజు రాయించుకుని తల్లీకొడుకులు వెళ్లిపోయారు. వాళ్లకు అరుంధతి ఎవరో, విష్ణు ఎవరో తెలియదు. కేంద్రం తాలూకు మనుషులనుకున్నారు.

ఆ రోజు మధ్యాహ్నంలోపు ఇషిత మామూలుగా చూసేవారికంటే చాలా ఎక్కువమంది పిల్లల్ని చూసింది. ఎవరి ఫలితంలోనూ ‘సహకరించలేదు’ అని రాయవలసి రాలేదు.

ఆఫీసుకు వెళ్లే పని లేక ఇద్దరూ అటునుంచి అటే ఇళ్లకు బయలుదేరారు. మెట్రోలో జనం పలచగా ఉన్నారు. విష్ణు చాలాసేపు మాటలు కూడగట్టుకున్నాడు.

“మేడమ్, నేనైతే ఇంకా పెద్ద సర్వర్ అడుగుతుంటి. మీరు వచ్చి ఆ పోరని ముందర కూసున్నరు. గంతే గదా తేడా,” అన్నాడు.

అరుంధతి ఆ మాటను కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. షిల్లాంగ్‌లో కాలేజీ పని చేసేటప్పుడు తనతో ఉండే ఒకావిడ గురించి చెప్పింది. ఏ పనైనా వాడేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోకుండా ఆవిడ ముట్టుకునేది కాదట. మొదట్లో తనకు అది కాలయాపనలా తోచి విసుగొచ్చేదట. ఆ కాలేజీలో వాన పడితే నెట్ పోయేదట. పిల్లలు గొడుగులేసుకుని ఫలితాల కోసం వరండాలో నిలబడి ఉంటే, వాళ్ల మధ్య నిలబడి ఆవిడ ఏమేం కనిపెట్టిందో అరుంధతి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. చెబుతుంటే ఆమె గొంతులో ఒక గౌరవం పలికింది. విష్ణు ఆ గొంతునే వింటూ కూర్చున్నాడు.

హౌజ్ ఖాస్‌లో రైలు మారారు. తరవాతి స్టేషన్ ఐఐటీ, జియా సరాయ్‌కి అక్కడే దిగాలి. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. “నీ స్టేషన్ వెళ్లిపోయిందయ్యా,” అంది అరుంధతి.

“పోనీయుండ్రి మేడమ్. ఆమె తర్వాత ఏం చేసింది?” అన్నాడు విష్ణు.